వరద అడవిలో గులాబీ డాల్ఫిన్

నేలకు పది మీటర్ల ఎత్తున, చెట్ల కొమ్మల నడుమ పడవ సాగుతోంది. బ్రెజిల్‌లోని మమిరావా అడవిలో మే నెల వచ్చిందంటే దారులన్నీ ఇలాగే ఉంటాయి. బూరుగు మానుల మొదళ్లు ఎక్కడో అడుగున మునిగి ఉంటాయి. తెడ్డు వేసే మనిషి భుజానికి ఆకులు రాసుకుంటుంటాయి. నీటికి జానెడు పైన బెరడు మీద చీమలబారు తన కొత్త దారి వెతుక్కుంటుంది. పడవవాడు తెడ్డు ఒళ్లో పెట్టుకుని చేయి పైకెత్తుతాడు, మాట్లాడొద్దని. కోతుల అరుపులూ పక్షుల గోలా సాగుతూనే ఉంటాయి. వాటి మధ్య ఎడమవైపు పొదల్లోంచి ‘ఫూ’మని ఒక బలమైన ఊపిరి వినిపిస్తుంది. తల తిప్పేసరికి బురదనీటి మీద లేత గులాబీ వీపు ఒకటి మెరిసి మునిగిపోతుంది. మళ్లీ ఎక్కడ తేలుతుందో చెప్పడానికి నీటి మీద ఏ ఆనవాలూ మిగలదు.

అదే బోటో. అమెజాన్, ఒరినోకో నదుల్లో బతికే గులాబీ డాల్ఫిన్. దాన్ని చూడాలని ఏటా దేశదేశాల నుంచి పర్యాటకులు బ్రెజిల్, పెరూ, కొలంబియా, బొలీవియా అడవులకు వెళుతుంటారు. 2023లో బ్రెజిల్‌లోని తెఫే సరస్సులో ఈ డాల్ఫిన్లు గుట్టలుగా చనిపోయిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. 2025 నవంబరులో అమెజాన్ ముఖద్వారం దగ్గరి బెలెం నగరంలో ప్రపంచ వాతావరణ సదస్సు కాప్-30 జరిగినప్పుడు ఆ మరణాలు మళ్లీ చర్చకు వచ్చాయి. బోటోను వెతకడమంటే నీటిని వెంబడించడమే. నది పెరిగినప్పుడు అది ఎటు పోతుంది, తగ్గినప్పుడు ఎక్కడ చేరుతుంది అన్నది తెలిస్తేనే అది కనబడుతుంది. అది ఎందుకు చనిపోతోందన్న ప్రశ్నకు జవాబూ ఆ నీటిలోనే ఉంది.

వీపు మీద రెక్క లేదు, మెడ మాత్రం తిరుగుతుంది

మంచినీటి డాల్ఫిన్లన్నిటిలోకీ పెద్దది బోటో. మగది రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది, బరువు 180 కిలోలు దాటుతుంది. ఆడది అంతకన్నా బాగా చిన్నది. సముద్రపు డాల్ఫిన్‌ అనగానే గుర్తొచ్చే వీపు మీది నిలువు రెక్క దీనికి ఉండదు. ఆ చోట ఎత్తు తక్కువగా, పొడుగ్గా సాగిన గట్టు మాత్రమే ఉంటుంది. మునిగిన కొమ్మల కింద దూరే జంతువుకు నిలువు రెక్క అడ్డమే. సముద్ర జాతుల్లో చాలావాటికి మెడ ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి. బోటోకు అవి విడివిడిగా ఉంటాయి కాబట్టి తలను పూర్తిగా పక్కకు తిప్పగలదు. ఈతరెక్కలు వెడల్పుగా ఉండి, ఇరుకు సందుల్లోనూ ఒంటిని మెలితిప్పి మలుపు తీసుకోవడానికి పనికొస్తాయి.

కళ్లు చిన్నవి, అయినా చూపు పనిచేస్తుంది. బురదనీటిలో మాత్రం అది శబ్దాన్నే నమ్ముకుంటుంది. టకటకమని సన్నని శబ్దాలు పంపి, వాటి ప్రతిధ్వనిని బట్టి దారినీ చేపనూ పసిగడుతుంది. సముద్రపు డాల్ఫిన్లు దూరాన ఉన్నదాన్ని కూడా పసిగట్టేంత గట్టిగా శబ్దం చేస్తాయి. చుట్టూ వేళ్లూ మోళ్లూ ఉన్నచోట అంత గట్టిగా అరిస్తే అన్నివైపుల నుంచీ ప్రతిధ్వనులే వచ్చిపడతాయి. అందుకే బోటో శబ్దం మెల్లనిది, కొద్దిదూరానికే పరిమితం. పొడవాటి ముట్టె మీద బిరుసు వెంట్రుకలుంటాయి. ముందరి పళ్లు సూదిగా ఉండి చేపను పట్టుకుంటాయి. వెనకటివి తిరగలిలా నలుపుతాయి. ఒంటి మీద గట్టి పలకలుండే జెల్ల జాతి చేపల్ని కూడా నమిలేస్తుంది. పిరానాలు సహా 40కి పైగా రకాల చేపలు దాని ఆహారంలో ఉన్నాయి.

పిల్లగా ఉన్నప్పుడు బోటో బూడిదరంగులో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ గులాబీ తేలుతుంది. మగవాటిలో ఆ రంగు మరీ గాఢం. వాటి మధ్య పోట్లాటలెక్కువ. కొరుకుళ్లకు పైచర్మం లేచిపోయి, మానినచోట గులాబీ రంగు నిలిచిపోతుంది. ఫొటోల్లో అంత అందంగా కనిపించే రంగులో చాలా వంతు పాత గాయాలదే.

నీళ్లతో పాటు పెరిగే ఇల్లు

మమిరావా ప్రాంతంలో నది ఏటా పది మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంది. మూడంతస్తుల మేడ మునిగేంత నీరు. ఆండీస్ కొండల నుంచి ఒండ్రు మోసుకొచ్చే నదుల పక్కన ఇలా మునిగే అడవిని అక్కడివాళ్లు వార్జియా అంటారు. రియో నెగ్రో లాంటి నల్లనీటి నదుల పక్కనుండే వరద అడవి పేరు ఇగపో. వేసవిలో ఆ అడవిలో నడిస్తే, చెట్ల కాండాల మీద తలకు చాలా ఎత్తున ఒక నల్లటి గీత కనిపిస్తుంది. దానికి దిగువన బెరడంతా మట్టి పట్టి ఉంటుంది. నిరుటి వరద అంతవరకూ వచ్చిందని ఆ గీతే చెబుతుంది. కొత్తగా వచ్చిన మనిషి మెడ వెనక్కి వాల్చి ఆ గీతను చూసి, తాను నిలుచున్నది నది అడుగునని అప్పుడు గ్రహిస్తాడు.

నీరు మే, జూన్ నెలల్లో గరిష్ఠానికి చేరుతుంది. అక్టోబరు, నవంబరుల్లో అడుగంటుతుంది. వరదకాలంలోనే చాలా చెట్లు పండ్లు రాలుస్తాయి. చేపలు ఆ పండ్ల కోసం అడవిలోకి వెళతాయి. తంబకీ అనే పెద్ద చేప రబ్బరు గింజల్ని సైతం కొరికి తింటుంది. చేపల వెనకే బోటో వెళుతుంది. అందులోనూ పిల్లతల్లులు అడవి లోపలి నిదానమైన నీటిని ఎంచుకుంటాయి, పెద్ద మగవి ఎక్కువగా నది పాయల్లోనే ఉండిపోతాయి. పిల్ల తల్లిని ఏడాదికి పైగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య సగటున నాలుగున్నరేళ్లు పడుతుంది. ఇంత నెమ్మదిగా పెరిగే జాతికి ఒక్క చెడ్డ సంవత్సరంలో పోయినవాటి లోటు పూడాలంటే ఏళ్లు కావాలి.

నీరు తగ్గుముఖం పట్టాక అడవి ఖాళీ అవుతుంది. చేపలన్నీ పాయల్లోకి, సరస్సుల్లోకి సర్దుకుంటాయి. డాల్ఫిన్లూ అంతే.

ఎప్పుడు, ఎక్కడ చూడాలి

వరదకాలంలో వెళితే అడవి అందం దక్కుతుంది. బోటో మాత్రం చెట్ల మధ్య చెదిరిపోయి ఉంటుంది కాబట్టి ఎక్కువగా వినిపిస్తుంది, తక్కువగా కనిపిస్తుంది. నీరు దిగే నెలల్లో చూడటం సులువు. అప్పుడు వెతకవలసిన చోట్లు మూడే: రెండు నదులు కలిసే చోటు, సరస్సు నుంచి పాయ బయటపడే మూతి, నది వంపులో సుడి తిరిగే నిదానపు నీరు. చేపలు అక్కడ గుంపులు కడతాయి. తెల్లవారాక తొలి గంటలూ, పొద్దువాలే వేళా అనువైనవి. ఇంజను ఆపేయాలి. ఒకసారి తేలినచోటే చూపు నిలిపితే లాభం లేదు. ఊపిరి తీసుకుని మునిగిన బోటో ఒకటి రెండు నిమిషాల్లో మరోచోట తేలుతుంది. అది కనబడే లోపలే ఊపిరి చప్పుడు చెవిన పడుతుంది. ముందు చెవి, తర్వాత కన్ను అన్నది ఇక్కడి పడవవాళ్లు కొత్తవాళ్లకు నేర్పే తొలి పాఠం.

> బోటోనా, టుకుషీనా?
> అమెజాన్‌లో రెండు రకాల డాల్ఫిన్లుంటాయి. టుకుషి ఒకటిన్నర మీటర్లకు మించదు. బూడిదరంగు ఒళ్లు, వీపు మీద మూడుమూలల రెక్క. గుంపుగా తిరుగుతుంది, నీటి మీదికి పూర్తిగా ఎగురుతుంది. బోటో ఒంటరిగానో, తల్లీపిల్లా జంటగానో కనిపిస్తుంది, ఎగరడం అరుదు. టుకుషి వరద అడవి లోపలికి పోదు. చెట్ల మధ్య కనిపించింది బోటోయే. తీసిన ఫొటోలో గాల్లోకి లేచిన డాల్ఫిన్ ఉంటే అది దాదాపుగా టుకుషియే.

మమిరావా దాకా

అమెజోనాస్ రాష్ట్ర రాజధాని మనౌస్. నల్లని రియో నెగ్రో, మట్టిరంగు సోలిమోయిస్ నదులు ఆ నగరం దగ్గర కలుస్తాయి. కలిశాక కూడా కిలోమీటర్ల కొద్దీ రెండు రంగులుగా పక్కపక్కనే ప్రవహిస్తాయి. అక్కడి నుంచి పడమటికి 500 కిలోమీటర్లకు పైగా వెళితే తెఫే పట్టణం. విమానంలో గంట, ఎదురునీటిలో ఓడ మీద దాదాపు రెండు రోజులు. తెఫే నుంచి స్పీడ్‌బోట్ ఎక్కితే మమిరావా అభయారణ్యం వస్తుంది. జపురా, సోలిమోయిస్ నదుల మధ్య 11 లక్షల హెక్టార్లకు పైగా పరుచుకున్న ఈ అడవిలో శాశ్వతంగా పొడిగా ఉండే నేల లేదు. అతిథి గృహాలు సైతం పెద్ద దుంగల మీద తేలుతుంటాయి. నీటితో పాటు లేస్తాయి, దిగుతాయి.

ఈ అడవి ఇలా మిగలడం వెనుక జోసే మార్సియో అయేర్స్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఎర్రని ముఖం, తెల్లని బొచ్చు ఉండే ఉకారి కోతి మీద పరిశోధనకు వచ్చిన ఆయన, దాని అడవిని కాపాడాలని పట్టుబట్టారు. 1990లో అక్కడ రక్షిత ప్రాంతం ఏర్పడింది. అప్పటి బ్రెజిల్ నిబంధనల ప్రకారం అలాంటి చోట మనుషులు నివసించకూడదు. ఊళ్లవాళ్లను ఖాళీ చేయిస్తే అడవికి కాపలా ఎవరని అయేర్స్ బృందం ప్రశ్నించింది. 1996లో దాన్ని ‘సుస్థిరాభివృద్ధి రిజర్వు’గా మార్చారు. జనం ఉంటూనే అడవిని కాపాడే ఈ ఏర్పాటు బ్రెజిల్‌లో అదే మొదటిది. చేపలు పట్టి బతికే కుటుంబాల వాళ్లే ఈరోజు పర్యాటకులకు దారి చూపిస్తారు, వంట చేస్తారు, పడవ నడుపుతారు.

వాళ్ల నైపుణ్యానికి పిరారుకు చేపే సాక్ష్యం. రెండు మీటర్లు దాటి పెరిగే ఈ చేప గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. సరస్సులో కొంత భాగాన్ని కళ్లతోనే హద్దులు గీసుకుని, పైకొచ్చిన ప్రతి చేపనూ జాలర్లు లెక్కపెడతారు. ఆ లెక్కను బట్టే ఏటా ఎన్ని పట్టుకోవచ్చో ప్రభుత్వం అనుమతిస్తుంది. 1999లో మొదలైన ఈ పద్ధతి వల్ల అంతరించిపోతుందనుకున్న చేప మళ్లీ నిండింది. నీటి మీద కదలిక చూసి అది పిరారుకు పల్టీయా, మొసలి మునకా, డాల్ఫిన్ ఊపిరా అని చెప్పగలిగేది ఆ చూపే. బైనాక్యులర్లున్న అతిథికి కనబడనిది ఆ జాలరికి మామూలు కంటికి కనబడుతుంది.

మమిరావాలోనే 1994లో వెరా డ సిల్వా, టోనీ మార్టిన్ అనే శాస్త్రవేత్తలు ‘బోటో ప్రాజెక్టు’ మొదలుపెట్టారు. వందలాది డాల్ఫిన్లను పట్టి, గుర్తులు వేసి వదిలి, ఒక్కోదాని జీవితాన్ని ఏళ్ల తరబడి గమనించారు. మగ బోటోలు పుల్లల్నీ నాచునూ మట్టిముద్దల్నీ నోట పట్టుకుని నీటి మీదికెత్తి తిప్పుతాయని, అది ఆడవాటి ముందు చేసే ప్రదర్శనని 2008లో ఈ బృందం వెల్లడించింది. క్షీరదాల్లో వస్తువుల్ని చేపట్టి ఇలా ప్రదర్శించడం చాలా అరుదు. మట్టిముద్దను కరచుకుని తల పైకెత్తిన మగ బోటోను చూడగలిగిన యాత్రికుడు నిజంగా అదృష్టవంతుడు.

తెల్ల దుస్తుల అతిథి

జూన్ నెల పండుగల రాత్రి ఊళ్లో పాటా ఆటా సాగుతుండగా ఒక కొత్త యువకుడు వస్తాడు. తెల్లని దుస్తులు, తలమీద టోపీ. బాగా నాట్యం చేస్తాడు. అందమైన అమ్మాయిని ఎంచుకుంటాడు, తెల్లారేలోపు నదిలోకి వెళ్లిపోతాడు. టోపీ తీయడు, తీస్తే నడినెత్తిన ఊపిరిరంధ్రం బయటపడుతుంది. అమెజాన్ తీరమంతా చెప్పుకునే కథ ఇది. తండ్రి పేరు చెప్పలేని బిడ్డను ‘బోటో బిడ్డ’ అనేవారు. నలుగురి ముందు నోరు విప్పలేని ఆడపిల్లకు ఆ మాట కొంత నీడ ఇచ్చింది. ఆ బిడ్డ అసలు తండ్రికి కూడా అదే నీడ దొరికింది. ఈ రెండో సంగతిని కథ చెప్పేటప్పుడు మరిచిపోకూడదు.

బోటోను చంపితే కీడు మూడుతుందన్న భయం తరాల పాటు దాన్ని కాపాడింది. అదే నమ్మకం మరో రూపంలో హాని కూడా చేసింది. దాని కన్నూ, మర్మాంగాలూ వశీకరణానికి పనికొస్తాయని బెలెం లాంటి నగరాల సంతల్లో అమ్ముతూ వచ్చారు. శాస్త్రవేత్తలు అలాంటి సరుకుకు డీఎన్ఏ పరీక్షలు చేస్తే, చాలా ముక్కలు సముద్రతీరంలో దొరికే వేరే డాల్ఫిన్‌వని తేలింది.

చేతికందే దూరంలో

రియో నెగ్రో ఒడ్డున నోవో ఐరావ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ తేలే వేదిక మీద కూర్చుంటే బోటోలే దగ్గరికొస్తాయి. 1990ల చివర మొదలైన చేపలు తినిపించే అలవాటు దీనికి కారణం. అడవిలో రోజంతా వెతికినా దొరకని దృశ్యం పది నిమిషాల్లో దొరుకుతుంది కాబట్టి జనం బారులు తీరారు. ఈ సులువుకు డాల్ఫిన్లు మూల్యం చెల్లించాయి. తిండి కోసం ఒకదాన్నొకటి కరుచుకోవడం పెరిగింది. మనుషులకూ కాట్లు పడ్డాయి. ఆ తర్వాత అధికారులు నిబంధనలు పెట్టారు. డాల్ఫిన్లతో ఈత కొట్టరాదు, వాటిని తాకరాదు, శిక్షణ పొందినవాళ్లే కొలతగా తినిపించాలి. పట్టణానికి దానివల్ల ఆదాయం వచ్చిన మాట నిజమే, బోటోను శత్రువుగా చూసిన జాలర్లు కొందరు మనసు మార్చుకున్న మాటా నిజమే. అయినా చేపముక్క కోసం వేదిక చుట్టూ తిరిగే డాల్ఫిన్‌ను చూడటం, దాన్ని అడవిలో చూడటం ఒకటి కాదు. తినిపించని చోటుకే వెళ్లడం యాత్రికుడు చేయగల మేలు.

ఎరగా మారిన బోటో

2000 సంవత్సరం తర్వాత బోటోలకు కొత్త ప్రమాదం వచ్చింది. పిరకతింగ అనే జెల్ల జాతి చేప కుళ్లిన మాంసానికి ఎగబడుతుంది. కొలంబియాలోని మగ్దలేనా నదిలో జనం ఇష్టపడే కపాజ్ చేప తగ్గిపోవడంతో, దాని బదులు అమెజాన్ నుంచి పిరకతింగ దిగుమతి మొదలైంది. గిరాకీ పెరిగేసరికి ఎర కావలసి వచ్చింది. బోటో మాంసం కొవ్వుతో ఉంటుంది, నీటిలో ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా వలలు చింపి చేపలెత్తుకుపోతుందన్న కోపం జాలర్లకు ముందే ఉంది. మొసళ్లతో పాటు బోటోలను కూడా చంపి ఎరగా వేశారు. డాల్ఫిన్‌ను చంపుతున్న దృశ్యాలు 2014లో బ్రెజిల్ టీవీలో ప్రసారమయ్యాక దేశం ఉలిక్కిపడింది. 2015 జనవరి నుంచి పిరకతింగ వేటను ఐదేళ్లు నిలిపేశారు, తర్వాత పొడిగించారు. ఆ చేపలో పాదరసం ఎక్కువగా ఉందని కొలంబియా 2017లో అమ్మకాన్నే నిషేధించింది.

బోటో ప్రాజెక్టు 22 ఏళ్ల లెక్కలు 2018లో వెలువడ్డాయి. మమిరావాలో బోటోల సంఖ్య సుమారు పదేళ్లకోసారి సగమవుతోంది, టుకుషీలది తొమ్మిదేళ్లకోసారి. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం బోటోను ‘అంతరించే ప్రమాదమున్న’ జాతిగా ప్రకటించింది. 2020లో టుకుషి కూడా ఆ జాబితాకెక్కింది. పట్టణం నుంచి వచ్చిన యాత్రికుడికి పది బోటోలు కనిపిస్తే చాలా ఉన్నాయనిపిస్తుంది. అదే పాయలో ఇరవయ్యేళ్ల కిందట ఎన్ని ఉండేవో తెలిసినవాళ్లకే ఆ పది ఎంత తక్కువో అర్థమవుతుంది.

> మన దేశంలో
> గోదావరి, కృష్ణలలో నదీ డాల్ఫిన్లు లేవు. శ్రీకాకుళం దాటి ఒడిశాలోని చిలికాకు వెళితే కనిపించేది ఇరావడి డాల్ఫిన్. అది తీరప్రాంతపు ఉప్పునీటిలోనూ, కొన్ని నదుల్లోనూ బతుకుతుంది. అచ్చంగా నదిదే అనదగ్గది గంగా డాల్ఫిన్. దాదాపు గుడ్డిది, కంటిలో కటకం ఉండదు. 2009లో దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించారు. బిహార్‌లో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా ఉన్న విక్రమశిల అభయారణ్యం 1991లో దానికోసమే ఏర్పడింది. 2025లో వెలువడిన సర్వేలో దేశంలో 6,327 నదీ డాల్ఫిన్లు లెక్కకొచ్చాయి. వాటిలో మూడు బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు. చైనాలో యాంగ్జీ నది డాల్ఫిన్ ‘బైజీ’ కోసం 2006లో నదంతా గాలించినా ఒక్కటీ దొరకలేదు.

వేడెక్కిన తెఫే

2023 సెప్టెంబరులో కరవు, ఎండ కలిసొచ్చాయి. తెఫే సరస్సు కుంచించుకుపోయి లోతు పోయింది. మబ్బు లేదు, గాలి లేదు. బురదనీరు ఎండను మరింత పీల్చుకుంది. సెప్టెంబరు 28న ఒక్కరోజే 70 డాల్ఫిన్ కళేబరాలు దొరికాయి. ఆ రోజుల్లో నీటి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటింది. మామూలుగా అది 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు మీటర్ల లోతు నీరు పైనుంచి అడుగుదాకా 41 డిగ్రీలకు వేడెక్కిందని 2025 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. డాల్ఫిన్ చల్లబడాలంటే దిగువ నీటికి వెళ్లాలి. దిగువన కూడా వేడి నీరే ఉంటే దానికి వేరే గతి లేదు. ఆ కరవులో చనిపోయినవి 200కు పైగా, ఎక్కువ భాగం బోటోలే. తెఫేలోని మమిరావా ఇన్‌స్టిట్యూట్ బృందం రోజూ కళేబరాల్ని ఒడ్డుకు లాగి పరీక్షలు చేసింది. అంటువ్యాధి కారణమన్న ఆధారం దొరకలేదు. వేడి మీదే అనుమానం నిలిచింది.

మనుషులూ అల్లాడారు. పాయలు ఎండి ఊళ్లకు దారి తెగిపోయింది. తాగునీరు, మందులు, బియ్యం మోసుకెళ్లే పడవలు బురదలో దిగబడ్డాయి. ఆ అక్టోబరులో మనౌస్ దగ్గర రియో నెగ్రో నీటిమట్టం 12.70 మీటర్లకు పడిపోయింది. 1902లో కొలతలు మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు. మరుసటి ఏడాదే అది 12.11 మీటర్లకు దిగింది.

నీరు తగ్గితే బోటోలు బాగా కనిపిస్తాయన్న యాత్రల సూత్రానికి ఇక్కడ ఒక హద్దు వచ్చింది. నది ఏటా దిగడం బోటోకు అలవాటే. దిగిన నీరు లోతు లేక, చెట్టునీడ లేక కాగిపోవడం అలవాటు కాదు. అందువల్ల తీవ్ర కరవు ఏడాదిలో డాల్ఫిన్లు గుమికూడిన లోతు తక్కువ నీటిలోకి మోటారు పడవలు తీసుకెళ్లడం మానుకోవాలి. ఇంజను మోత, తరుముడు కలిసి వాటికున్న కాస్త లోతునూ దూరం చేస్తాయి.

2024 ఆగస్టులో, కరవు మళ్లీ ముదరకముందే, శాస్త్రవేత్తలు తెఫే ప్రాంతంలో కొన్ని డాల్ఫిన్లను వలవేసి ఒడ్డుకు తెచ్చారు. ఒంటిమీద నీళ్లు చల్లుతూ రక్తం తీసి, స్కానింగ్ చేసి, ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాలు బిగించి వదిలారు. ఆరోగ్యంగా ఉన్న బోటో రక్తం ఎలా ఉంటుందో ముందే తెలిస్తే, జబ్బు పడ్డదాన్ని, వేడికి కుంగినదాన్ని వేరుచేసి చెప్పవచ్చు. నీరు కాగినప్పుడు అవి ఏ పాయ వెంట ఎంత లోతుకు పోతాయో ఆ పరికరాలు చూపిస్తాయి. ఎక్కడ పడవలు ఆపాలో, ఏ దారి మూసుకుపోకుండా చూడాలో ఊళ్లవాళ్లు తేల్చుకోవడానికి ఆ వివరాలే ఆధారం.